క్యారీ ఆన్ సినిమాలు: ముప్పై ఒకటిలో ముందు ఏది పెట్టాలి?

"ఆ పాత బ్రిటిష్ కొంటె కామెడీలు బాగుంటాయంటారు కదా, ఏది చూడమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు సినిమా పేరు చెప్పను. "పక్కన ఎవరు కూర్చుంటారు?" అని అడుగుతాను. ఆ ఒక్క జవాబుతో సగం సినిమాలు పక్కకు పోతాయి. మిగతా సగంలోంచి ఏరుకోవడానికే ఈ వ్యాసం.

కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1958 నుంచి 1978 వరకు 30 సినిమాలు, చాలా ఏళ్ల తర్వాత 1992లో ఇంకొకటి. మొదటి ముప్పైకీ నిర్మాత పీటర్ రోజర్స్, అన్నిటికీ దర్శకుడు జెరాల్డ్ థామస్. లండన్ శివార్లలోని పైన్‌వుడ్ స్టూడియోలో తక్కువ డబ్బుతో, కొద్ది వారాల్లో చుట్టేసేవాళ్లు. మొదటి సినిమా సైన్యంలో శిక్షణ గురించి. అధికారి తన సార్జెంటుతో "క్యారీ ఆన్", అంటే "కానివ్వు" అనే మాటే సిరీస్ పేరైంది. కథకు కథకు సంబంధం లేదు కాబట్టి వరుసలో చూడక్కర్లేదు. ముఖాలు మాత్రం అవే. సురభి వాళ్ల నాటకాల్లో నిన్న కృష్ణుడు వేసినాయన ఇవాళ మాంత్రికుడిగా వచ్చినట్టు, సిడ్ జేమ్స్ ఒకసారి రోమన్ సేనాని, ఇంకోసారి టాయిలెట్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్.

వీటిని మన డబుల్ మీనింగ్ కామెడీలతో కలిపి ఒకే గంపలో వేసేవాళ్లున్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నాలుగైదు చూశాక తేడా తెలిసింది: వీటిలో చూపు ఉంటుంది, ఇకిలింపు ఉంటుంది, పని మాత్రం జరగదు. సిడ్ జేమ్స్ ఆ గరగర నవ్వు నవ్వి చేయి చాచేలోపు తలుపు తెరుచుకుంటుంది, భార్య వస్తుంది, లేదా టెంటు కూలుతుంది. కోరిక తీరకపోవడమే ఇక్కడ జోకు. ఈ కిటుకు సరిగ్గా కుదిరిన సినిమాలే నిలిచాయి, దీన్ని మరిచిపోయినవి మునిగాయి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది పక్కన కూర్చునేవాళ్ల సంగతి. నగ్నత్వం దాదాపు లేదు, ఉన్నా రెప్పపాటు. ఇబ్బందంతా మాటల్లోనే. పిల్లలు "దానికెందుకు నవ్వారు?" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

రెండోది మీ ఇంగ్లిష్ చెవి. కొన్ని సినిమాలు పూర్తిగా శ్లేష మీద నడుస్తాయి, కొన్ని జారిపడటాల మీద, ముఖాల మీద నడుస్తాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ కాదు. అవి మనుషులు రాసినవై ఉండాలి, అంతే. యంత్రం దానంతట అది రాసుకునేవి సరిగ్గా పంచ్ దగ్గరే తప్పుతాయి.

మూడోది, దేన్ని వెక్కిరిస్తున్నారో ముందే తెలియాలా అన్నది. పేరడీకి అసలు తెలియకపోతే సగం నవ్వు పోతుంది.

నాలుగోది అన్నిటికన్నా బరువైనది: కాలం. ఆడవాళ్లను చూసే తీరు, ముఖానికి రంగు పూసుకుని వేరే దేశస్థుల వేషాలు కట్టడం, ఇవన్నీ ఇప్పుడు గుచ్చుకుంటాయి. తెర వెనకా అంతే. ముఖ్యమైన మగ నటులకు సినిమాకు 5,000 పౌండ్లు ముడితే, ఆడవాళ్లకు అందులో సగం. మళ్లీ మళ్లీ టీవీలో వేసినందుకు నటులకు వాటా లేదు. ఆ ఆడవాళ్లే, ముఖ్యంగా జోన్ సిమ్స్, హ్యాటీ జాక్స్, చాలా సినిమాలను భుజాన మోశారు.

ఆరు సినిమాలు పక్కపక్కన

| సినిమా | ఏడాది | నవ్వు ఎక్కడ | ఇంగ్లిష్ అవసరం | ఇంటిల్లిపాదితో | గుచ్చుకునే చోటు |
|---|---|---|---|---|---|
| క్యారీ ఆన్ నర్స్ | 1959 | ఆస్పత్రి వార్డు | మధ్యస్థం | పర్వాలేదు | తక్కువ |
| క్యారీ ఆన్ క్లియో | 1964 | శ్లేష | చాలా ఎక్కువ | పర్వాలేదు | బానిసల జోకులు |
| క్యారీ ఆన్ స్క్రీమింగ్ | 1966 | దయ్యాల పేరడీ | తక్కువ | బాగుంటుంది | తక్కువ |
| క్యారీ ఆన్ అప్ ద ఖైబర్ | 1968 | బ్రిటిష్ దర్పం | ఎక్కువ | ఆలోచించుకోండి | ముఖానికి రంగు |
| క్యారీ ఆన్ క్యాంపింగ్ | 1969 | చూపులు, ఇకిలింపులు | తక్కువ | వద్దు | ఆడపిల్లల మీద చూపు |
| క్యారీ ఆన్ ఎట్ యువర్ కన్వీనియెన్స్ | 1971 | ఫ్యాక్టరీ, సమ్మె | మధ్యస్థం | పెద్దవాళ్లతో | యూనియన్ల మీద ఎకసెక్కెం |

నర్స్: తాతగారితో చూడగలిగింది

నలుపు తెలుపు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉచిత వైద్యం 1948లో మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి ఆ వార్డులు, ఆ హెడ్ నర్సు గద్దింపులు, రోగుల గొణుగుడు అందరికీ తెలిసిన సంగతులైపోయాయి. 1959లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఆడిన సినిమా ఇదే. మన ప్రభుత్వాసుపత్రిలో పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చే ముందు దుప్పట్లు సర్దే హడావిడి చూసినవాళ్లకు ఇందులో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

ఈ దశ స్క్రిప్టులు నార్మన్ హ్యూడిస్‌వి. మొదటి ఆరూ ఆయనే రాశాడు. వాటిలో కొంటెతనం కన్నా మంచితనం పాలు ఎక్కువ. చివరి జోకు మాత్రం అసలైన సరుకు. రోజంతా గంట కొట్టి నర్సులను పరుగెత్తించిన ఒక కల్నల్‌ను, థర్మామీటర్ వెనక నుంచి పెట్టాలని చెప్పి బోర్లా పడుకోబెడతారు. థర్మామీటర్ బదులు అక్కడ ఒక పసుపు డాఫడిల్ పువ్వు గుచ్చి పోతారు. హెడ్ నర్సు వచ్చి చూస్తే, జ్వరం ఇలా చూడటం మీకు కొత్తా అంటాడు కల్నల్. చూశాను గానీ పువ్వుతో ఎప్పుడూ చూడలేదంటుంది ఆమె. చూపించింది ఏమీ లేదు, అంతా మన ఊహకే వదిలేశారు. తర్వాతి ఇరవై ఏళ్ల సిరీస్‌కు విత్తనం ఆ పువ్వే.

క్లియో: మాటలంటే ప్రాణం ఉన్నవాళ్లకు

ఎలిజబెత్ టేలర్‌తో తీస్తున్న భారీ క్లియోపాత్రా సినిమా ఇంగ్లండ్ వానలకు, ఆమె అనారోగ్యానికి తట్టుకోలేక రోమ్‌కు తరలిపోయింది. పైన్‌వుడ్‌లో వదిలేసిన సెట్లు మిగిలాయి. వాళ్లు కోట్లు తగలేసిన చోట వీళ్లు ఆ సెట్లనే, కొన్ని దుస్తులనే వాడుకుని ఈ వెక్కిరింపు తీసేశారు. పోస్టరు కూడా అచ్చు ఆ సినిమా పోస్టరులాగే వేస్తే కోర్టు దాకా వెళ్లి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

దీన్ని రాసింది టాల్బట్ రాత్‌వెల్. 1963 నుంచి పదకొండేళ్లు సిరీస్ కలం ఆయన చేతిలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఖైదీగా ఉన్నప్పుడు అదే శిబిరంలో పీటర్ బటర్‌వర్త్ అనే ఇంకో ఖైదీతో కలిసి నాటకాలు వేశాడు. ఆ బటర్‌వర్తే తర్వాత ఈ సినిమాల్లో ముఖ్య నటుల్లో ఒకడయ్యాడు.

క్లియోలో కెన్నెత్ విలియమ్స్ జూలియస్ సీజర్. హంతకులు చుట్టుముట్టగానే ముక్కుపుటాలు ఎగరేసి "ఇన్‌ఫమీ! ఇన్‌ఫమీ!" అని అరుస్తాడు. ఎంత ఘోరం, ఎంత అపచారం అని అర్థం. వెంటనే అదే శబ్దాన్ని విరిచి, అందరూ 'ఇన్ ఫర్ మీ', అంటే నా మీద కక్ష కట్టారు అంటాడు. మన అలంకారశాస్త్రంలో దీనికి చక్కగా సభంగ శ్లేష అనే పేరుంది. అవధానాల్లో ఇలాంటి విరుపు పడితే సభంతా ఆహా అంటుంది కదా, బ్రిటన్ వాళ్లు ఇప్పటికీ దీనికి అలా అంటారు. ఇది రాత్‌వెల్ సొంతం కాదనీ చెప్పాలి. ఫ్రాంక్ మ్యూర్, డెనిస్ నార్డెన్ అనే రేడియో రచయితల దగ్గర అనుమతి అడిగి తెచ్చుకున్నదది.

ఇక్కడే చిక్కు. ఇంగ్లిష్ ఉచ్చారణ చెవికి పట్టనివాళ్లకు ఈ సినిమాలో సగం వట్టి మాటల ప్రవాహం. చతురస్రాకారపు చక్రం కనిపెట్టి తలపట్టుకునే గుహవాసి, బానిసలను అమ్మే 'మార్కస్ ఎట్ స్పెన్షియస్' కొట్టు (మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే బ్రిటిష్ దుకాణాల సంస్థకు వెక్కిరింపు, వాళ్లు కాస్త నొచ్చుకున్నారు కూడా) లాంటివి కంటికి అందుతాయి. మిగతాదంతా చెవి పనే.

స్క్రీమింగ్: తొలిసారి చూసేవాళ్లకు నా ఓటు

బ్రిటన్‌లో హ్యామర్ అనే సంస్థ తీసే రంగురంగుల దయ్యాల సినిమాలకు వెక్కిరింపు ఇది. ఆ సినిమాలు చూడకపోయినా ఫర్వాలేదు. పాడుబడ్డ భవంతి, పొగమంచు, వెంట్రుకల రాక్షసుడు ఎవరికి తెలియవు? అడవికి వచ్చిన అమ్మాయిలు మాయమైపోతుంటారు. ఒక శాస్త్రవేత్త, అతని చెల్లెలు కలిసి వాళ్లను బట్టల కొట్టులో నిలబెట్టే బొమ్మలుగా మార్చి అమ్ముతుంటారు.

ఆ చెల్లెలు వలేరియాగా ఫెనెల్లా ఫీల్డింగ్. ఒంటికి అతుక్కున్న ఎర్ర మఖమల్ గౌను, తేనె పూసిన గొంతు. పరిశోధనకు వచ్చిన డిటెక్టివ్‌తో సోఫా మీద ఒరిగి, పొగ తాగితే మీకేమైనా అభ్యంతరమా అని అడుగుతుంది. లేదంటాడు. చేతిలో సిగరెట్ ఉండదు. ఆమె ఒంట్లోంచే పొగలు లేస్తాయి. డిటెక్టివ్ ముఖం చూడాలి. ఇంగ్లిష్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఇక్కడ నవ్వుతారు, మా ఇంట్లో ఋజువైంది.

లోటు ఒకటే. సిడ్ జేమ్స్ ఇందులో లేడు. అతని చోట హ్యారీ హెచ్. కార్బెట్ బాగానే చేశాడు గానీ, ఆ గరగర నవ్వు వినకుండా క్యారీ ఆన్ చూశానంటే వీరాభిమానులు లెక్కలోకి తీసుకోరు.

ఖైబర్: అన్నిటికన్నా గొప్పది, మనకు అన్నిటికన్నా కష్టమైంది

1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన వంద ఉత్తమ బ్రిటిష్ సినిమాల జాబితాలో ఇది 99వది. కథ జరిగేది 1895లో, మన బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులో. తీసింది వేల్స్ కొండల్లో.

పేరు దగ్గరే ఆగాలి. లండన్ కాక్నీ యాసలో ఒక మాటకు బదులు దానితో ప్రాస కలిసే ఇంకో మాట వాడతారు. 'ఖైబర్ పాస్' అంటే అక్కడ పిరుదులకు వాడే మోటు మాట. ఇందులో కెన్నెత్ విలియమ్స్ వేసిన దేశీ పాలకుడి బిరుదు 'ఖాసీ'. అది లండన్ యాసలో మరుగుదొడ్డి. అంటే పోస్టరు మీద భూగోళ శాస్త్రం, లోపల బూతు. సెన్సారు వాళ్లు అభ్యంతరం పెట్టాలంటే ముందు అర్థం తెలుసని ఒప్పుకోవాలి.

కథ కీలకం లంగోటీ. కిల్టులనే గళ్ల పావడాలు కట్టే స్కాటిష్ దళం లోపల ఏమీ వేసుకోదన్న పుకారుకే స్థానికులు హడలిపోతుంటారు. ఒక సిపాయి లోదుస్తులు వేసుకుని దొరికిపోతాడు. సామ్రాజ్యం కదిలిపోతుంది. ఒక సామ్రాజ్యం దేని మీద నిలబడిందో ఇంత అల్లరిగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

చివర్లో విందు. గవర్నరు బంగళా మీద ఫిరంగి గుళ్లు పడుతుంటాయి. లోపల సూటు బూట్లతో భోజనం సాగుతుంటుంది. గోడలు కూలుతున్నాయి, పైకప్పు సున్నం జుట్టు మీద రాలుతోంది, వాద్యబృందం వాయిస్తూనే ఉంది. ఎవరూ తల తిప్పరు. గవర్నరు భార్య జోన్ సిమ్స్, సున్నంలో మునిగి లేచి, నాకు కాస్త 'ప్లాస్టర్' అయినట్టుంది అంటుంది. ఇంగ్లిష్‌లో అది సున్నం పడటమూ, తాగి తూలడమూ. అక్కడ భయపడేవాడు ఒక్కడే, బటర్‌వర్త్ వేసిన మతప్రచారకుడు. బుద్ధి ఉన్నవాడు అతనొక్కడే అన్నమాట.

దీన్ని మా మామయ్యకు చూపించాను. రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్. విందు సీనుకు కళ్ళజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అయ్యాక అడిగాడు:

"ఒరేయ్, ఆ తలపాగా పొడుగాయన మనవాడేనా?"

"కాదు మామయ్యా, లండన్‌వాడు. బెర్నార్డ్ బ్రెస్‌లా. రంగు పూశారు."

"ఆ రాజు?"

"అతనూ లండనే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇంతకీ ఇందులో మనవాళ్లు ఎవర్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సినిమా వెక్కిరించింది తెల్లదొరల డాబునే అని వాదించవచ్చు, అది నిజమే. అయినా ఆ ముఖాల రంగు మాత్రం రంగే. అందుకే మొదటి సినిమాగా దీన్ని ఎవరికీ చెప్పను, మూడోదో నాలుగోదో అయితే చెప్తాను.

క్యాంపింగ్: అభిమానులకు పండగ, మిగతావాళ్లకు తలనొప్పి

ఎక్కువమంది అభిమానులు ముందు చెప్పే పేరిదే. ఇద్దరు మిత్రులు, తమ ముడుచుకుపోయే ప్రియురాళ్లను బట్టల్లేని జనం ఉండే క్యాంపుకు తీసుకెళ్లాలని పథకం వేస్తారు. తీరా చేరింది మామూలు పొలం. యజమాని బటర్‌వర్త్ ప్రతిదానికీ ఒక పౌండు అంటూ పిండుతుంటాడు. నాకు సినిమా మొత్తంలో ఎక్కువ నచ్చింది ఆ పిసినారే.

అందరికీ గుర్తుండేది వ్యాయామం సీను. బార్బరా విండ్సర్ చేతులు బార్లా చాచగానే బికినీ పైభాగం ఎగిరిపోయి కెన్నెత్ విలియమ్స్ ముఖాన పడుతుంది. దానికి చేపలు పట్టే దారం కట్టి లాగారు. వేసవి సెలవుల కథను శరదృతువు చలిలో తీశారు. బురద కనిపించకుండా నేల మీద పచ్చరంగు కొట్టారు. నవ్వుతూ తిరిగే ఆ ముఖాల వెనక వణుకు ఉందని తెలిశాక సీను ఇంకో రకంగా కనిపిస్తుంది.

ఆమెకు అప్పటికి ముప్పై దాటాయి, వేసింది మాత్రం స్కూలు పిల్ల వేషం. నడివయసు మగాళ్లు ఆ 'పిల్లల' వెంట పడటం ఇప్పుడు చూస్తే నవ్వు గొంతులో ఆగుతుంది. చివరికి పిల్లలంతా హిప్పీలతో బస్సెక్కి పోతారు, మన వీరులు వెర్రిముఖాలు వేసుకుని మిగులుతారు. అదే ఆ సినిమాను కొంత కాపాడింది.

కన్వీనియెన్స్: నేను తిరిగి తిరిగి చూసేది

టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఓనరు పేరు డబ్ల్యూ.సి. బాగ్స్, రెండు ముక్కలకూ ఇంగ్లిష్‌లో మరుగుదొడ్డి అనే అర్థం. టీ విరామం తేడా వస్తే సమ్మె, పేరు తేడా వస్తే సమ్మె. క్యారీ ఆన్ చూసే జనంలో ఎక్కువమంది శ్రామికులే. తమనే వెక్కిరిస్తే ఎవరికి నచ్చుతుంది? సిరీస్‌లో పెట్టుబడి వెంటనే తిరిగిరాని తొలి సినిమా ఇదే.

సిడ్ జేమ్స్ ఇందులో ఫోర్‌మన్. ఇంట్లో భార్య హ్యాటీ జాక్స్, ఒక చిలుక. ఆ చిలుకకు గుర్రాల పేర్లు చదివి వినిపిస్తే, కూసిన గుర్రం గెలుస్తుంది. మన చిలక జోస్యాన్ని రేసు కోర్సుకు పంపినట్టు.

సిబ్బంది అంతా బస్సులో బ్రైటన్ బీచికి విహారం వెళ్లొస్తారు. రాత్రి తిరిగొచ్చాక సిడ్, ఫ్యాక్టరీలో పనిచేసే పొరుగింటి జోన్ సిమ్స్ గేటు దగ్గర ఆగుతారు. ఇద్దరికీ వేరే పెళ్లిళ్లు. లోపలికొచ్చి టీ తాగి వెళ్తావా అనే మాట వాళ్ల మధ్య నలుగుతుంది. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అనీ వస్తుంది. చివరికి ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. ఆ కాసేపు ఎకసెక్కెం లేదు, గరగర నవ్వు లేదు. ఇన్ని సినిమాల్లో తీరని కోరికను జోకుగా వాడుకున్న సిడ్ జేమ్స్, ఇక్కడొక్కచోట దాన్ని జోకు చేయలేదు.

మీరు ఎవరైతే ఏది

ఇంగ్లిష్ అంతంతమాత్రం, సరదాగా గంటన్నర గడవాలి అంటే స్క్రీమింగ్. ఇంట్లో పెద్దవాళ్లుంటే నర్స్. పద్యాలు, పొడుపుకథలు, శ్లేషలు ఇష్టమైతే క్లియో పెట్టి, మధ్యమధ్య ఆపి వెనక్కి తిప్పుకోండి. చరిత్ర మీద ఆసక్తి ఉండి, కోపం వచ్చినా చూడగలను అనుకుంటే ఖైబర్. బ్రిటన్‌లో ఉంటూ ఆఫీసులో తోటివాళ్లు అనే 'ఊ, మేట్రన్' (మేట్రన్ అంటే హెడ్ నర్సు) లాంటి మాటలు అర్థం కాక బిక్కముఖం వేసేవాళ్లకు ఆస్పత్రి సినిమాలు రెండు చూస్తే చాలు. క్యాంపింగ్ ఎప్పుడంటే, ఈ మనుషులతో స్నేహం కుదిరాక. ముక్కూముఖం తెలియని సిడ్ జేమ్స్ అక్కడ ఎదురైతే తలుపు వేసేస్తారు.

ఇక వద్దనేవి. 1976లో వచ్చిన ఇంగ్లండ్, 1978లో వచ్చిన ఇమ్మాన్యుయెల్, 1992 నాటి కొలంబస్. 1970ల మధ్యకి 'కన్ఫెషన్స్' వరుస లాంటి పెద్దలకు మాత్రమే సినిమాలు బ్రిటన్ థియేటర్లలో బట్టలు విప్పి డబ్బు చేసుకుంటున్నాయి. క్యారీ ఆన్ వాళ్లు వాటితో పోటీకి దిగారు. తెరుచుకోవాల్సిన తలుపు తెరుచుకోవడం మానేసింది, పని జరిగిపోవడం మొదలైంది, నవ్వు పోయింది. 1976 ఏప్రిల్‌లో సిడ్ జేమ్స్ సండర్లాండ్‌లో నాటకం ఆడుతూ వేదిక మీదే కుప్పకూలి చనిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాటిలో ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

మామయ్య మొన్న ఫోన్ చేశాడు. ఖైబర్ ఊసెత్తలేదు. "ఆ చిలక సినిమా ఉందన్నావ్, అది పట్రా" అన్నాడు.